వేళ్ళ మాట

గత వారం హిందూపురం నుంచి లాయరమ్మగారి గుమాస్తా ఫోన్ చేశారు. మా మేనత్త కేసు మళ్ళీ పిలుపుకు వస్తోందని, సాక్ష్యం చెప్పడానికి ఆమెను వెంటబెట్టుకొని రావాలని అన్నారు. ఆమె ఈ వానాకాలంలో జ్వరం వచ్చి చనిపోయిందని చెప్పాను.

"అయ్యో. ఆ చీర పట్టుకొని చూసినామె గదా సార్" అన్నారు.

కాగితం మీది పేరు చూసి ఫోన్ చేసిన మనిషికి ఆ పేరుతో ముఖం గుర్తుకు రాలేదు. ఆమె చేసిన ఒక్క పని గుర్తుకు వచ్చింది. మా అత్తను గుర్తు పెట్టుకోవలసిన తీరు అదేనని నాకూ అనిపించింది. అందుకే ఆమె ఎక్కడ పుట్టింది, ఎప్పుడు ధర్మవరం చేరింది అనే సంగతులలోకి నేను పోవడం లేదు. ఆమె చేతుల గురించి మాత్రమే చెబుతాను.

ఆమె పట్టుమగ్గాల ఇళ్ళలో పడుగులు, అంటే నేతలోని నిలువు పోగులు, అతికేది. ఆ పని చూడనివారికి ఇది తెలియకపోవచ్చు. మగ్గం మీద ఒక పడుగు నేత పూర్తి కావచ్చినప్పుడు, దాని చివర మిగిలిన పోగుల కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతికిస్తారు. ముడి వేయరు. ముడి వేస్తే అది మగ్గం పళ్ళలో ఇరుక్కొని పోగును తెంచుతుంది. వేళ్ళకు కాస్త బూడిద రాసుకొని, రెండు కొనలనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పేనుతారు; ఆ అతుకే పేట. ఒక్క చీర వెడల్పులో అటువంటి పోగులు వేలకొద్దీ ఉంటాయి. పోగును ఎంచుకోవడానికి కన్ను పనికివస్తుంది గాని, పేట నిలిచిందా జారిందా అన్నది చెప్పేవి వేళ్ళే.

మా అత్త ఆ పని చేస్తున్నప్పుడు చేతుల వైపు చూసేది కాదు. ముఖం ఇంటివాళ్ళ వైపు తిప్పి, ముందురోజు టీవీ సీరియల్‌లో అత్తగారు కోడలిని ఏమన్నదో, కోడలు ఎందుకు ఊరుకున్నదో, తానైతే ఏమనేదో చెబుతూ ఉండేది. కింద చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. ఇన్నేళ్ళలో ఆమె తన చేతిని తాను చూసుకోవడం నేను ఎరగను.

మరొక అలవాటు ఉండేది. ఏ ఆడమనిషి ఎదురైనా, పలకరింపు కంటే ముందు ఆమె పైట కొంగు మా అత్త వేళ్ళ మధ్యకు చేరేది. ముఖపరిచయం ఉందా లేదా అన్నది లెక్కలో లేదు. నా పెళ్ళిలో తలంబ్రాల హడావుడిలో, నాకు పిల్లనిచ్చిన అత్తగారి కొంగు పట్టుకొని రెండు వేళ్ళతో నలిపి, "ఇది మావూరిది గాదులేమ్మా, అయినా ఫరవాలేదు" అన్నది. మా అత్తగారు ఆ మాటను ఇప్పటికీ మరచిపోలేదు.

ఎవరైనా బాగోగులు అడిగితే ప్రశ్న పూర్తికాక ముందే జవాబు వచ్చేది. "బాగుండా, నాకేమి." ఆ మాటకు ఆమె ఆరోగ్యంతో సంబంధం లేదు. ఎవరైనా తలుపు తడితే 'ఎవరూ' అన్నట్టుగా అది వచ్చేది.

నేను పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో కొలత పరికరాలను పరీక్షించే విభాగంలో పనిచేస్తాను. ఏ పరికరమైనా, ఏది పెట్టినా ఒకే జవాబు చూపిస్తూ ఉంటే, అది కొలవడం మానేసిందని మా లెక్క. మా అత్త విషయంలో ఈ లెక్క నాకు ఆలస్యంగా తట్టింది.

ప్రమాదం సోమందేపల్లి దగ్గర హైవే మీద జరిగింది. అక్కడొక ఇంట్లో పడుగు అతకడానికి షేర్ ఆటోలో పోతూ ఉండగా, వెనుకనుంచి వచ్చిన కారు ఆటోను గుద్దింది. ఆటో బోల్తాపడి ఆమె కుడి మణికట్టు దాని కింద చిక్కుకుంది. ఫోన్‌లో నాతో, "ఆటో రవ్వంత పక్కకు ఒరిగిందప్పా, నువ్వేమీ సెలవు పెట్టుకోని రావద్దు" అన్నది. నేను ఆసుపత్రికి పోయేసరికి ఆమె ముంజేతికి పిండికట్టు వేసి ఉంది.

ఎముక సరిగానే అతుక్కుంది. కట్టు విప్పిన తరువాత రెండు నెలలకు ఒక ఆదివారం ధర్మవరం పోయాను. రెండు స్టీలు గ్లాసుల్లో టీ పోసుకొచ్చింది. నా గ్లాసు పట్టుకోలేక వెంటనే కింద పెట్టాను. ఆమె మాత్రం తన గ్లాసును కుడిచేతి వేళ్ళతో నిండుగా పట్టుకొని, ఎదురింటి వాళ్ళ కుక్క గురించి తీరికగా చెబుతోంది. ఆమె బొటనవేలి చర్మం ఎర్రబడటం నాకు కనిపించింది.

"అత్తా, ఆ గ్లాసు కింద పెట్టు."

"ఏమప్పా?"

"కాలుతోంది."

ఆమె గ్లాసు వైపు చూసింది, తరువాత నా వైపు చూసింది. గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి చేతిని పైట కింద దాచుకుంది. అంతవరకు ఆగకుండా చెబుతున్న కుక్క కథ అక్కడితో ఆగిపోయింది.

చాలాసేపు అడిగిన మీదట చెప్పింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మూడింటికీ స్పర్శ లేదు. కట్టు విప్పిన రోజున డాక్టరు దూదితో ఒక్కొక్క వేలినీ తాకి తెలుస్తోందా అని అడిగితే తెలుస్తోందని చెప్పిందట. ఆయన అలాగే రాసుకున్నారు.

"ఎందుకు అట్లా చెప్పినావు?"

"రత్నమ్మ పక్కనే నిలబడుకోనుండె గదప్పా. తోడు వచ్చినింది."

రత్నమ్మ వాళ్ళ వీధిలో మూడు మగ్గాలున్న ఇంటి ఇల్లాలు. మా అత్తకు ఏడాది పొడవునా పని ఇచ్చేది ఆ ఇల్లే. ఇక నాకు అడగవలసింది ఒక్కటే మిగిలింది.

"మరి ఇన్ని దినాలూ పడుగులు ఎట్లా అతుకుతాండావు?"

ఆమె ముక్కు మీది కళ్ళద్దాలను తీసి చూపించింది. అవి కొత్తవి. చూపు మందగించిందని వీధిలో చెప్పుకొని పెట్టుకున్నదట. కన్ను తగ్గినామెకు అద్దాలు పెడతారు, మళ్ళీ పనికి పిలుస్తారు. వేళ్ళు తగ్గినామెకు పెట్టేది ఏమీ లేదు. అందుకని ఆమె తప్పును కళ్ళ మీదికి నెట్టింది. మంచి కళ్ళకు అద్దాలు తగిలించుకొని, పోగు మీదికి వంగి, ప్రతి పేటనూ చూపుతో తేల్చుకుంటూ వచ్చింది. సీరియల్ కథలు చెప్పడం మానేసింది. ఆమె గంభీరం అయిపోయిందని వీధి అనుకుంది.

"ఏ ఇంట్లోనైనా పేట జారిందా?"

"జారినాయి" అన్నది నేల చూపులు చూస్తూ. "మగ్గం తొక్కుతాంటే ఊడొచ్చినాయంట. పోగుదే తప్పనిరి. నేనూ ఊరకుంటి."

ఆ రాత్రి నాకు నిద్ర సరిగా పట్టలేదు. మరుసటి వారం నుంచి కాగితాలు పోగుచేయడం మొదలుపెట్టాను. పోలీసుల ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ, కట్టు విప్పిన రోజు డాక్టరు రాసిన కాగితం, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆధార్ అన్నీ తేదీల వరుసలో పెట్టి, పైన విషయసూచిక అతికించాను. నష్టపరిహారం దరఖాస్తుకు గడువు ఉంటుందని, అది దగ్గర పడుతోందని తెలిసి నా ఆందోళన ఎక్కువైంది. అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది ఆ డాక్టరు కాగితంలోని ఒక్క వాక్యం: వేళ్ళ స్పర్శ సాధారణం. అతుక్కున్న ఎముకకు దక్కేది కొంచెమే. ఆమె బతుకు పోయింది వేళ్ళలో. ఆ వేళ్ళు బాగున్నాయని చెప్పింది ఆమే.

లాయరు దగ్గరికి రావడానికి ఆమె ఒక షరతు మీద ఒప్పుకుంది.

"ఎముక మాట చెప్పుదాం. వేళ్ళ మాట వద్దు."

"వేళ్ళ మాట లేకపోతే పోయే పనే లేదత్తా."

"అయితే పోవద్దు."

చివరకు, దారిలో ఒప్పించవచ్చుననుకొని సరేనన్నాను.

మొదట పెనుకొండలోనే ఒక లాయరును కలవాలని పోయాము. మెట్ల దగ్గరకు వచ్చేసరికి లోపలనుంచి గుమాస్తా ఎదురొచ్చాడు. అతడిది ధర్మవరం. వాళ్ళింట్లో మగ్గాలున్నాయి.

"ఏమక్కా, ఈడికొచ్చినావు? చెయ్యి ఎట్లుం..."

"బాగుండా, నాకేమి" అన్నది మా అత్త. "మా వానికేదో పొలం తగువు ఉండాదంట. తోడు వచ్చినా."

నాకు పొలం లేదు. గుమాస్తా నన్ను కూర్చోబెట్టి సర్వే నంబరు ఎంత, గట్టు జరిపింది ఎవరు, పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది అని అడుగుతూ పోయాడు. నాకు తోచిన జవాబులన్నీ చెప్పాను. చేతిలోని ఫైలు మీద మా అత్త పేరు పెద్ద అక్షరాలతో ఉంది; దానిని తిప్పి ఒళ్ళో పెట్టుకున్నాను. బయటికి వచ్చాక ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"గట్టు జరిపింది మీ మామంటివే, ఆయప్ప పోయి ఎన్నేండ్లాయ?"

నాకు నవ్వు రాలేదు. గడువు గురించే ఆలోచిస్తున్నాను.

ధర్మవరంలో ఏ లాయరు గుమ్మమైనా మగ్గం చప్పుడు వినిపించేంత దూరంలోనే ఉంటుందని ఆమె వాదన. హిందూపురమైతే తనను ఎరిగినవాళ్ళు ఉండరన్నది. తెలిసినవారి ద్వారా అక్కడ ఒక లాయరమ్మను విచారించి, సమయం తీసుకున్నాను. ముందటి ఆదివారం అత్త ఇంట్లో నేనే లాయరునై ప్రశ్నలు అడిగాను.

"ప్రమాదం తరువాత మీ కుడిచేతికి వచ్చిన ఇబ్బంది ఏమిటి?"

"లాయరంటావు, నల్లకోటు యాడబ్బా?"

"అత్తా."

"ఏముండాది లేప్పా. ఎముక ఇరిగింది, అతుక్కొనింది."

నాకు విసుగు వచ్చింది. కళ్ళు మూసుకోమన్నాను. నా పరీక్ష సులువైనది. పట్టుపోగు ముక్క ఒకటి ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొన్నిసార్లు పెడతాను, కొన్నిసార్లు పెట్టను. ఉందో లేదో ఆమె చెప్పాలి.

పోగు పెట్టాను. "ఉండాది" అన్నది.

తీసేశాను. "ఉండాది" అన్నది.

మళ్ళీ ఏమీ పెట్టలేదు. "ఉండాది" అన్నది, ఈసారి మరింత నమ్మకంగా.

"ఏమీ లేదత్తా" అన్నాను.

ఆమె కళ్ళు తెరవలేదు. ఆ రెండు వేళ్ళనూ అట్లాగే దగ్గరికి పట్టుకొని, వాటి మధ్య ఏదో ఉన్నట్టుగా మెల్లగా పేనింది. ఎన్నో ఏళ్ళు చేసిన కదలికే అది. "లేదా?" అన్నది కాసేపటికి. నేను ప్రశ్నల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ పరీక్ష చేయకుండా ఉండవలసిందేమోనని పెనుకొండ చేరేదాకా అనుకుంటూనే ఉన్నాను.

హిందూపురం పోయిన రోజు, సోమందేపల్లి దగ్గర బస్సు ఆగినప్పుడు ఆమె కిటికీ వైపు కాక ఎదురుసీటు వైపు చూస్తూ కూర్చుంది. ఒప్పించడానికి నేను అనుకున్న మాటలు ఏవీ నోటికి రాలేదు. ఎముక మాట మాత్రమే చెప్పి తిరిగి వస్తామని, ఆ తరువాత గడువు దాటిపోతుందని నా మనసు లెక్కవేస్తూనే ఉంది.

లాయరమ్మ కోర్టు నుంచి అప్పుడే వచ్చారు. నల్లకోటు తీసి కుర్చీకి తగిలించి, గుమాస్తాను నీళ్ళు తెమ్మని, మా ఎదుట కూర్చున్నారు. నేను ఫైలు అందించాను. ఆమె విషయసూచిక చూసి ఒకసారి నా వైపు చూశారు.

"మీరు ఏం పని చేస్తారు?"

చెప్పాను.

"అదే అనుకున్నా" అని కాగితాలు తిప్పసాగారు. కట్టు విప్పిన రోజు డాక్టరు రాసిన కాగితం దగ్గర ఆగారు. "మణికట్టు ఎముక అతుక్కుంది. స్పర్శ సాధారణం. ఇంక ఇబ్బంది ఏముందమ్మా?"

నేను మా అత్త వైపు చూశాను. ఆమె ఆ ప్రశ్న విన్నదో లేదో తెలియదు. లాయరమ్మ కట్టుకున్నది పట్టుచీర. కోటు తీసినప్పుడు జారిన కొంగు బల్ల అంచు మీద పడి ఉంది. మా అత్త కుడిచేయి పైట కిందనుంచి బయటికి వచ్చి, బల్ల మీదుగా పోయి, ఆ కొంగును రెండు వేళ్ళ మధ్యకు తీసుకుంది. ఎవరూ చెప్పకుండా, ఎప్పటి లాగానే.

నలిపింది. ఇంకొకసారి నలిపింది. ముఖంలో చీర గురించి చెప్పబోయే ముందు వచ్చే ఆ వెలుగు వచ్చి, అట్లాగే ఆగింది. చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. తరువాత ఎడమచేత్తో అదే కొంగును పట్టుకుంది. అప్పుడు తల ఊపింది.

"మావూరిదేమ్మా ఇది" అన్నది. "ఈ చేతికి తెలుస్తాండాది." కుడిచేతిని బల్ల మీద వెల్లకిలా పెట్టింది. "ఈ చేతికి తెలీలేదు. డాక్టరుకు నేను అబద్ధం చెప్తి."

గుమాస్తా నీళ్ళ గ్లాసుతో వాకిట్లోనే నిలబడిపోయారు. లాయరమ్మ కొంగును వెనక్కి లాక్కోలేదు. కలం అందుకొని, "మళ్ళీ చెప్పండమ్మా, నెమ్మదిగా" అన్నారు. మా అత్త అంతా చెప్పింది. టీ గ్లాసు, కళ్ళద్దాలు, జారిన పేటలు, రత్నమ్మ పక్కన నిలబడటం. నరాల పరీక్ష చేయించి మెడికల్ బోర్డు ముందుకు పోవాలని, కష్టమే గాని దారి ఉందని లాయరమ్మ అన్నారు. లేచేముందు ఒక మాట హెచ్చరించారు.

"ఇంక ఈ పనికి పోతే, పోయినట్టు ఎవరైనా చూసి చెబితే, కేసు నిలబడదు. చెయ్యి పనిచేస్తోందనే అంటారు. ఆలోచించుకోండి."

తిరుగు బస్సులో కుదురుగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ ఊరట పెనుకొండ దాకానే నిలిచింది. అక్కడ బస్సెక్కినవాళ్ళలో రత్నమ్మ ఉంది. సంచులు సర్దుకొని మా ముందుసీట్లో కూర్చుని, వెనక్కి తిరిగింది.

"యాడికి పోయింటివక్కా? నీ కోసమే అనుకుంటాండా. మా నడిమి మగ్గం పడుగు అయిపోవస్తాండాది. రేపు పొద్దున వస్తావు గదా?"

లాయరమ్మ చెప్పి రెండు గంటలు కూడా కాలేదు. వస్తానంటే కేసు పోతుంది. రానంటే ఆ ఇల్లు పోతుంది. దానితో వీధి మొత్తం పోతుంది. నేను ఏదో ఒక సాకు చెప్పడానికి నోరు తెరిచాను. పొలం తగువు లాంటిదే ఏదో.

మా అత్త నా మోకాలి మీద చెయ్యి పెట్టి ఆపింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నేను రాలేను రత్నమ్మా. వేరేవాళ్ళను పిలుచుకో."

"ఏమయ్యిందక్కా? కండ్లు ఇంకా మసకేనా?"

"కండ్లు బాగుండాయి. వేళ్ళకు పోగు తెలీలేదు. ఆటోలో పడిన కాడినుంచీ తెలీలేదు. మీ ఇంట్లో పేట జారింది పోగు తప్పు గాదు."

రత్నమ్మ ఆమెను చూసింది, నన్ను చూసింది. కోపం రాబోయి ఆగినట్టు అనిపించింది.

"ముందే చెప్పకూడదా అక్కా" అన్నది మెల్లగా.

"చెప్తే పిలుస్తాంటివా?"

రత్నమ్మ సంచులు ఒళ్ళోకి లాక్కొని, ముందుకు తిరిగి కూర్చుంది. ఆ ఇంటి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు. అయితే పండుగలకు భోజనం వచ్చేది.

ధర్మవరం బస్టాండులో అందరికంటే చివర దిగాము. నేను ముందు దిగి ఫైలు చంకన పెట్టుకొని చెయ్యి అందించాను. ఆమె అందుకోలేదు. మెట్టు మీద నిలబడి, తలుపు పక్కనున్న కమ్మీని కుడిచేత్తో పట్టుకుంది. వెనుకనుంచి కండక్టరు తొందరపెడుతున్నాడు. ఆమె తొందరపడలేదు. తల వంచి ఆ చేతి వైపు చూసింది. వేళ్ళు కమ్మీ చుట్టూ బిగుసుకున్నాయో లేదో కళ్ళతో చూసి, రూఢి చేసుకొని, అప్పుడు దిగింది.